పార్కింగ్ కోసమే చేరాను

ఆగస్టు 25, సోమవారం

క్లాసులు మొదలయ్యాయి. ఈసారి కెమిస్ట్రీ తీసుకున్నాను. ఒక్కటే. పోయిన టర్ములో మట్టి గురించిన క్లాసు ఒక్కటే తీసుకుంటే 'ఏ' గ్రేడు వచ్చింది. యాభై ఏళ్ళు మట్టిలో తిరిగినవాడికి మట్టిలో 'ఏ' రావడం గొప్పేం కాదు. అయినా ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించాను. ఒమాహా నుంచి అమ్మాయి వస్తే చూస్తుందని.

అరవై అయిదు దాటినవాళ్ళకు మా కాలేజీలో ఫీజు లేదు. పొలం కౌలుకిచ్చి ఊళ్ళోకి వచ్చేశాక పొద్దున లేచి చేయడానికి పనంటూ లేదు. మా ఆవిడ వెర్నా బతికుంటే నవ్వేది.

నా పికప్ ట్రక్కు పెట్టడానికి ఎక్కడా చోటు దొరకలేదు. ధాన్యం గిడ్డంగుల దగ్గర పెట్టి నడిచాను. చాలా దూరం. మోకాలు వాచింది. ఇలా అయితే ఈ చదువు సాగదు.

ఆగస్టు 27, బుధవారం

డాసన్ హ్రుస్కా కలిశాడు. మట్టి క్లాసులో నా పక్క కుర్చీలో కూర్చునేవాడు. టోపీ ఎప్పుడూ వెనక్కి తిప్పి పెట్టుకుంటాడు. టర్మంతా నా నోట్సు చూసి రాసుకున్నాడు. వాడికి సి వచ్చింది.

"క్రోన్ గారూ, సాయంత్రం మా ఇంటికి భోజనానికి రావాలి. కుదరదంటే ఊరుకోను."

ఇల్లంటే వాళ్ళ ఫ్రాటర్నిటీ ఇల్లు, కాలేజీ కుర్రాళ్ళు సంఘంగా చేరి కలిసి ఉండేది. సైన్సు భవనానికి ఎదురుగా ఉంటుంది. తలుపు మీద మూడు గ్రీకు అక్షరాలు, మధ్యది సగం ఊడి వేలాడుతోంది. లోపల గుంపుగా కుర్రాళ్ళు, ఒక పింగ్‌పాంగ్ బల్ల, ఏదో మాడిన వాసన. మక్రోనీ పెట్టారు. మాడింది అదే. రెండుసార్లు పెట్టించుకున్నాను.

ప్రెస్టన్ ఆల్డింగర్ అనే కుర్రాడు వాళ్ళ సంఘానికి అధ్యక్షుడు. భోజనానికి కూడా టై కట్టుకుని కూర్చుంటాడు. సూటిగా విషయంలోకి వచ్చాడు.

"దాచడమెందుకు క్రోన్ గారూ. రెండు టర్ములుగా మా ఇంటి మార్కుల సగటు పడిపోయింది. డిసెంబరుకల్లా నాలుగుకి రెండున్నర దాటకపోతే కాలేజీ వాళ్ళు ఇంటికి తాళం వేస్తారు. కొత్తగా చేరినవాళ్ళ మార్కులు కూడా ఆ లెక్కలోకి వస్తాయి. మాకు బాగా చదివేవాడొకడు కావాలి."

"నేనా?"

"మీకు 'ఏ' వచ్చిందట కదా."

"ఒక్క క్లాసులో."

"మాలో సగం మందికి ఆ ఒక్క క్లాసులో కూడా రాలేదండీ," అన్నాడు డాసన్.

అందరూ పగలబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది కానీ నోటినిండా మక్రోనీ ఉంది.

ఒక చిక్కు చెప్పారు. సంఘంలో చేరాలంటే పూర్తి విద్యార్థి అయి ఉండాలి. అంటే నాలుగు క్లాసులు. ఆలోచించి చెప్తానని లేచాను. గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చి ప్రెస్టన్ మెల్లగా అన్నాడు: "సభ్యులకు ఇంటి పక్కనే పార్కింగ్ కూడా ఉంటుందండీ."

ఆగస్టు 29, శుక్రవారం

చేరాను. పార్కింగ్ కోసమే.

ఇంకో మూడు క్లాసులు రాయించుకున్నాను. గణాంకాలు, ప్రపంచ చరిత్ర, ఉపన్యాసం. ఉపన్యాసం ఎందుకంటే ఆ వేళకి ఇంకేదీ ఖాళీ లేదు. వెర్నాని పెళ్ళికి అడగడానికి కూడా నేను వాళ్ళ అన్నయ్యని పంపాను. ఆ సంగతి ఆఫీసులో చెప్పలేదు.

ఆగస్టు 31, ఆదివారం

రోక్సాన్ ఫోను చేసింది.

"ఏం చదువుతున్నావు నాన్నా?"

"కెమిస్ట్రీ."

"మంచిది. ఒంటరిగా ఉండటం లేదు కదా? ఎవరితోనైనా కలిసి భోంచేస్తున్నావా?"

చేస్తున్నానని చెప్పాను. ఎవరితో అని అడగలేదు కాబట్టి చెప్పలేదు.

సెప్టెంబరు 8, సోమవారం

ఇవాళ నాకు అన్న దొరికాడు.

కొత్తగా చేరిన ప్రతివాడికీ ఇంట్లోని పాతవాడు ఒకడు అన్నగా ఉంటాడు. ఎవరో ముందు చెప్పరు. చేతికి ఊలుదారం కొస ఇస్తారు. ఆ దారం పట్టుకుని ఇల్లంతా తిరుగుతూ పోతే రెండో కొస పట్టుకుని అన్న దొరుకుతాడు. నా దారం మెట్లెక్కింది, దిగింది, స్నానాల గది చుట్టి వచ్చి పింగ్‌పాంగ్ బల్ల కిందికి పోయింది. బల్ల కిందినుంచి డాసన్ బూట్లు కనిపిస్తూనే ఉన్నాయి. వంగడానికి మోకాలు ఒప్పుకోలేదు. నేను అక్కడే నిలబడ్డాను.

"లోపలికి రా తమ్ముడూ!" అని బల్ల కింద నుంచి కేక.

"నువ్వే బయటికి రా," అన్నాను.

"రా అన్నా, అనాలి! ఇక్కడ మీరు, గారు ఏమీ ఉండవు. అన్నదమ్ములం."

నాకు డెబ్బై ఒకటి. మా అన్నకి పందొమ్మిది. "రా అన్నా" అన్నాను. వాడు బయటికి వచ్చేటప్పుడు తల బల్లకి కొట్టుకుంది.

పికప్ సైన్సు భవనం ఎదురుగానే పెట్టాను. హాయిగా ఉంది.

సెప్టెంబరు 12, శుక్రవారం

కెమిస్ట్రీ చిన్న పరీక్ష. పదికి నాలుగు. పెన్ను సరిగ్గా రాయలేదు.

సెప్టెంబరు 17, బుధవారం

ఈ ఇంట్లో ఒక ఆచారం ఉంది. అగ్గిపుల్ల వెలిగించి పట్టుకుని, మంట వేళ్ళకు తగిలేలోగా గ్రీకు అక్షరాలన్నీ అప్పజెప్పాలి. కొత్త కుర్రాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, గబగబా అరిచి, సగంలో "అబ్బా!" అని పుల్ల విదిలించేసి వెళ్ళారు. ఒకడు తన చొక్కాకి అంటించుకున్నాడు. ఆర్పేశారు.

నా వంతు వచ్చింది. నాకు గబగబా రాదు. మా ఊళ్ళో ఒకే గది బడి, ఎనిమిది తరగతులకూ ఒకే టీచరు. ఆమె ఏది అప్పజెప్పమన్నా నిదానంగా చెప్పాలనేది. నేను నిదానంగానే చెప్పాను. మంట వేళ్ళ దగ్గరికి వచ్చింది, వేళ్ళ మీదే ఆరిపోయింది, నాకింకా నాలుగు అక్షరాలు ఉన్నాయి. అవి కూడా చెప్పి పుల్ల కింద పడేశాను.

అందరూ వంగి నా వేళ్ళు చూశారు.

"కాల్లేదా?" అన్నాడు డాసన్.

"కాలడానికి ఏముంది అక్కడ?" అన్నాను. ముళ్ళకంచెలు లాగిన వేళ్ళకి తోలు తప్ప ఏముంటుంది.

అంతే, ఇల్లెగిరిపోయేలా అరిచారు. మళ్ళీ చేయమన్నారు. మళ్ళీ చేశాను. ప్రెస్టన్ అప్పుడే బయటి నుంచి వచ్చాడు, వాడికోసం ఇంకోసారి చేశాను. వాడు మాత్రం ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. ఆకలి మీద ఉన్నట్టున్నాడు.

అది కెమిస్ట్రీ చదువుకోవాలనుకున్న వేళ. రేపు చదువుతాను.

సెప్టెంబరు 18, గురువారం

రేపు.

సెప్టెంబరు 24, బుధవారం

కొత్తవాళ్ళం వంటగది కడగాలి, కాలేజీ పరేడ్‌లో మా ఇంటి తరఫున ఊరేగే బండికి రంగులు వేయాలి, శనివారం ఫుట్‌బాల్ ఆట అయ్యాక తాగినవాళ్ళని బండిలో ఇళ్ళకు చేర్చాలి. చివరిది నాకు అప్పగించారు. నేను తాగను, నా దగ్గర పికప్ ఉంది. వెనక తొట్టిలో ఎక్కనివ్వను. ముందు సీట్లో ఇద్దరిద్దరిగా తీసుకెళ్తాను. అందుకని ఎక్కువ తిరగాల్సి వస్తుంది. దారిలో వాళ్ళు ఏవేవో చెబుతారు. ప్రేమ సంగతులు. నేను వింటాను. తెల్లారాక చెప్పినట్టు వాళ్ళకి గుర్తుండదు, విన్నట్టు నేనూ అనను.

చరిత్ర పుస్తకంలో రోము దాకా రావాలి. ఇంకా ఈజిప్టులోనే ఉన్నాను.

అక్టోబరు 6, సోమవారం

కెమిస్ట్రీ సగం టర్ము పరీక్ష పేపర్లు దిద్ది ఇచ్చేశారు. తప్పాను. బాగా తప్పాను.

మిస్ ఇబారా, మా లెక్చరరు, నన్ను ఆగమంది. రోక్సాన్ కన్నా చిన్నది.

"క్రోన్ గారూ, మీకు చదవడానికి టైము దొరకడం లేదా?"

"చదువుతున్నానండీ."

"శనివారం పరేడ్‌లో చూశాను మిమ్మల్ని. బండి మీద దుప్పటి చుట్టుకుని నిలబడ్డారు. నెత్తిన ఆకులు."

"అది రోము వేషమండీ. చరిత్రకి పనికొస్తుందని."

ఆమె నవ్వలేదు. బాగానే చెప్పాననుకున్నాను.

అక్టోబరు 9, గురువారం

మొదటి ఉపన్యాసం. నచ్చిన విషయం మీద అయిదు నిమిషాలు. మొక్కజొన్న గురించి ఎంచుకున్నాను. "మొక్కజొన్న వేస్తాం. పెరుగుతుంది. కోస్తాం," అన్నాను. తర్వాత ఏమీ తోచలేదు. మిగిలిన టైమంతా నిలబడ్డాను.

చిన్నప్పుడు బడిలో మాట్లాడితే దెబ్బలు. ఇక్కడ మాట్లాడకపోతే డి.

అక్టోబరు 13, సోమవారం

వారం వారం జరిగే ఇంటి సమావేశం. సగం టర్ము మార్కులు ఎవరివి వాళ్ళు పేరు లేకుండా చీటీ మీద రాసి టోపీలో వేయమన్నాడు ప్రెస్టన్. ఒక్కొక్కటే తీసి బోర్డు మీద వేశాడు. ఒక చీటీ దగ్గర ఆగాడు.

"ఎవరిదిరా ఇది? రాత చూస్తే పెళ్ళి పత్రికలా ఉంది. అంకె చూస్తేనేమో..."

అని ఊరుకున్నాడు. అందరూ ఒక్కసారిగా పింగ్‌పాంగ్ బల్ల వైపు చూడటం మొదలుపెట్టారు. అక్కడేం లేదు. అప్పుడు డాసన్ చెయ్యెత్తాడు.

"నాదే. ఈ మధ్య దస్తూరీ నేర్చుకుంటున్నా."

ఎవరూ నవ్వలేదు. అది నాదని ఎవరికీ తెలియలేదు. బతికిపోయాను.

ఇంటి సగటు రెండున్నరకి కొంచెం కింద తేలింది. ఇంట్లో నాతో కలిపి ఇరవై మందిమి. సగటులోంచి ఒకణ్ణి తీసేస్తే ఏమవుతుందో పోయిన వారమే గణాంకాల క్లాసులో నేర్పారు. నా ఇంటికి వచ్చి వేసి చూశాను. ఆ ఒకణ్ణి తీసేస్తే ఇల్లు రెండున్నర దాటుతుంది. మళ్ళీ వేశాను. దాటుతుంది.

ఆ క్లాసులో మాత్రం నాకు బి వస్తోంది.

అక్టోబరు 19, ఆదివారం

నిర్ణయించుకున్నాను. క్లాసు వదులుకోవడానికి ఆఖరి గడువు ఈ శుక్రవారం. కెమిస్ట్రీ వదిలేస్తే మూడు క్లాసులే మిగులుతాయి. అప్పుడు నేను పూర్తి విద్యార్థిని కాను. సంఘంలో ఉండను, నా మార్కులు లెక్కలోకి రావు. ఇల్లు నిలబడుతుంది. ఎవరికీ ఏం చెప్పనక్కర్లేదు. నాలాంటివాడికి ఇదే తేలిక.

అక్టోబరు 21, మంగళవారం

ఆఫీసుకు వెళ్ళాను. లైను పెద్దగా ఉంది.

అక్టోబరు 22, బుధవారం

భోజనానికి మూసేశారు.

అక్టోబరు 23, గురువారం

టైరులో గాలి తగ్గినట్టనిపించింది. తగ్గలేదు. చూసేసరికి సాయంత్రమైంది.

అక్టోబరు 24, శుక్రవారం

ఆఖరి రోజు కదా, తప్పకుండా వెళ్ళాను. లైనులో నా వెనక ముగ్గురు పిల్లలు కంగారుగా ఉన్నారు. పాపం వాళ్ళకి తొందర. ముందుకు వెళ్ళమన్నాను. వాళ్ళ వెనక ఇంకో అమ్మాయి ఉంది, ఆమెనీ వెళ్ళమన్నాను. నేను కిటికీ దగ్గరికి వచ్చేసరికి లోపల కూర్చునే డొరీన్ తెర దించేసింది.

నేనేం చేయను. చేయగలిగింది చేశాను.

భోజనానికి ఇంటికి వెళ్ళాను. హాట్‌డాగులు. బయట నల్లగా, లోపల చల్లగా ఉన్నాయి. బాగున్నాయి.

నవంబరు 1, శనివారం

కొత్తవాళ్ళం పూర్తి సభ్యులమయ్యే ప్రమాణం అయిపోయింది. దీనికి ముందే తప్పుకుందామనుకున్నాను. కానీ అప్పటికే కేకు మీద నా పేరు రాయించేశారు.

లోపల ఏం జరిగిందో రాయకూడదు. అందరూ మోకాళ్ళ మీద కూర్చోవాలి. నాకు కుర్చీ వేశారు. అంతవరకు రాయొచ్చనుకుంటాను.

నవంబరు 2, ఆదివారం

రోక్సాన్ ఫోను. పరేడ్ ఫోటో ఎవరో ఆమెకి చూపించారట.

"నాన్నా, నువ్వు ఫ్రాటర్నిటీలో చేరావా?"

"పార్కింగ్ కోసమమ్మా."

చాలాసేపు నవ్వింది. ఆపుకోలేక ఫోను వాళ్ళాయనకి ఇచ్చింది. తర్వాత మళ్ళీ తీసుకుని అడిగింది: "ఆ చుట్టుకున్న దుప్పటి అమ్మది కదూ? నీలం పువ్వులది?"

"ఉతికి మడిచి పెట్టేశాను," అన్నాను.

అది మంచి దుప్పటి. ఊరికే పెట్టెలో పడి ఉండటం దేనికి.

నవంబరు 3, సోమవారం

జరగకూడనిది జరిగింది.

సమావేశంలో అందరి ముందూ చెప్పి తప్పుకుందామని వెళ్ళాను. రెండు రోజుల నుంచి మాటలు బట్టీ పట్టాను. "సోదరులారా, నా మూలంగా మీ ఇల్లు పోకూడదు. నా మార్కులు బాగాలేవు. నన్ను వదిలేయండి." అంతే. ఆఖరున 'ఇతర విషయాలు' అన్నప్పుడు లేవాలి. కళ్ళు మూసుకుని లోపల్లోపల అప్పజెప్పుకుంటూ కూర్చున్నాను. ఎక్కడిదాకా వచ్చారో చూసుకోలేదు. అధ్యక్షుడు బల్ల మీద కొట్టే సుత్తి చప్పుడు వినగానే లేచి నిలబడ్డాను.

అది పదవుల ఎన్నిక. చదువుల అధికారి పదవికి ఎవరు నిలబడతారని ప్రెస్టన్ అప్పుడే అడిగాడట. మా ఇంట్లో పోటీ చేసేవాడు నోరు విప్పకూడదు, లేచి నిలబడాలి. మూడుసార్లు సుత్తి కొట్టేలోగా కూర్చోకపోతే ఒప్పుకున్నట్టే.

కూర్చోవాలని తోచలేదు. చెప్పాలని నోరు తెరిచాను. మొదటి మాట ఏదో గుర్తురాలేదు. ఒకటి. రెండు. మిగతా పందొమ్మిది మందీ నా మొహం వంకే చూస్తున్నారు. మూడు.

"ఏకగ్రీవం!" అన్నాడు ప్రెస్టన్.

"మా తమ్ముడు!" అని డాసన్ పింగ్‌పాంగ్ బల్లెక్కి గెంతాడు. బల్ల కాలు విరిగింది.

రెండు క్లాసుల్లో తప్పేలా ఉన్నవాణ్ణి ఈ ఇంటి చదువులకు అధికారిని.

నవంబరు 4, మంగళవారం

పదవి ఏంటంటే, భోజనం అవగానే అందరూ భోజనాల బల్ల దగ్గరే పుస్తకాలు తెరవాలి. అధికారి బల్ల చివర కూర్చుంటాడు. అధికారి తన పుస్తకం మూస్తే గానీ ఎవరూ లేవకూడదు. పాత నియమం. ఇదివరకు అధికారులు మహా అయితే అరగంటలో మూసేసేవాళ్ళట.

నేను నెమ్మదిగా చదువుతాను. అందులోనూ కెమిస్ట్రీ.

మొదట ఒకడు దగ్గాడు. తర్వాత ఇంకొకడు దగ్గాడు. జలుబులు తిరుగుతున్నాయి కాబోలు. నేను ఆ పేజీ పూర్తి చేయాలి కదా అని చదువుతూనే ఉన్నాను.

"తమ్ముడూ," అన్నాడు డాసన్ ఆఖరికి, "ఎక్కడున్నావు?"

"మొదటి అధ్యాయంలోనే."

"ఓరి దేవుడా," అని మూలిగి ఎవరో మళ్ళీ పుస్తకం తెరిచారు.

నవంబరు 12, బుధవారం

డాసన్ పోయినేడు కెమిస్ట్రీ చదివాడు. వాడికి డి వచ్చింది. రోజూ నా పక్కన కూర్చుని చెబుతున్నాడు.

"చూడు, నేనిక్కడ తప్పు దారిలో వెళ్ళాను. నువ్వు ఇటు వెళ్ళకు. ఇక్కడ కూడా తప్పాను. ఇటూ వెళ్ళకు."

"మరెటు వెళ్ళాలి?"

"మిగిలింది ఒక్కటే దారి తమ్ముడూ. అదే అయ్యుంటుంది."

చిత్రంగా అదే అవుతోంది.

నవంబరు 18, మంగళవారం

పదికి ఏడు. పెన్ను బాగా రాస్తోంది.

నవంబరు 19, బుధవారం

అయినా సరిపోదు. మొదటి పరీక్ష తప్పిన బరువు అలాగే ఉంది. వాళ్ళు నా వల్ల చదువుకుంటున్నామని నాకు చప్పట్లు కొడుతుంటే ప్లేటు వంకే చూస్తూ తింటున్నాను. చెప్పాలి. ఈ వారం చెప్తాను.

నవంబరు 27, గురువారం, థాంక్స్‌గివింగ్ పండుగ

రోక్సాన్ ఇంట్లో భోజనం. టర్కీ మెత్తగా ఉంది, ఎక్కడా మాడలేదు. నలుగురం. నిశ్శబ్దంగా తిన్నాం.

చదువుకోవాలని చెప్పి పొద్దుండగానే బయల్దేరాను. ఊళ్ళోకి రాగానే అలవాటుగా ఇంటివైపు తిరిగింది పికప్. కుర్రాళ్ళందరూ ఊళ్ళకు వెళ్ళారు. తలుపుకి తాళం. ఆ ఊడిన అక్షరం గాలికి కొట్టుకుంటోంది. బండి ఆపి కాసేపు కూర్చున్నాను.

పార్కింగ్ అంతా ఖాళీ. ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

డిసెంబరు 4, గురువారం

ఆఖరి ఉపన్యాసం. వినేవాళ్ళని ఏదైనా ఒక విషయం నమ్మించాలి. నాకు మొత్తం నోటికి వచ్చిన ఉపన్యాసం ఒక్కటే ఉంది. అదే చెప్పాను. "సోదరులారా, నా మూలంగా మీ ఇల్లు పోకూడదు." ఈ క్లాసులో నాకు తెలిసినవాళ్ళెవరూ లేరు. అందుకేనేమో మాటలు వచ్చాయి. నేను ఎందుకు తప్పుకోవాలో చెప్పాను. భోజనం బాగుండదని చెప్పాను. బల్ల కింద అన్న దొరికిన సంగతి చెప్పాను. అగ్గిపుల్ల, చీటీ, దగ్గులు, అన్నీ చెప్పాను. అయిదు నిమిషాలు దాటిపోయింది. టీచరు గంట కొట్టలేదు.

బి ఇచ్చాడు. కింద రాశాడు: "చక్కగా మాట్లాడారు. కానీ మీరు తప్పుకోవాలనుకుంటున్నారని క్లాసులో ఒక్కరూ నమ్మలేదు. అందుకు మార్కులు తగ్గించాను."

డిసెంబరు 8, సోమవారం

సమావేశంలో 'ఇతర విషయాలు' అన్నారు. నేను కూర్చునే ఉన్నాను.

డిసెంబరు 11, గురువారం

కెమిస్ట్రీ ఆఖరి పరీక్ష. డాసన్ బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. వాడికి వేరే పరీక్ష ఉంది ఆ వేళకి. పరుగెత్తాడు.

డిసెంబరు 17, బుధవారం

కెమిస్ట్రీ సి. కింది అంచు సి. అయినా సి.

సాయంత్రం ప్రెస్టన్ కుర్చీ ఎక్కి చదివాడు. ఇల్లు రెండున్నర దాటింది. కాస్త దాటడం కాదు, బాగానే దాటింది. తాళం లేదు. నన్ను ఎత్తుకుని ఊరేగిద్దామనుకున్నారు. మోకాలు గుర్తుచేశాను. కుర్చీతో సహా ఎత్తారు.

"ఎవడి వల్లరా ఇది?"

"తమ్ముడి వల్ల!"

పైకప్పుకి తల తగిలింది. నేను ముంచలేదు. అంత ఎత్తు నుంచి చూస్తే అందరి నెత్తులూ కనిపించాయి. డాసన్ టోపీ తీసి ఉన్నాడు. వాడికి అప్పుడే జుట్టు పలచబడుతోంది.

డిసెంబరు 18, గురువారం

వసంతం టర్ముకి పేరు రాయించుకోవడానికి వెళ్ళాను. లైను లేదు. ఇంటి సగటు సంగతి డొరీన్‌కి చెప్పాను. ఎవరికైనా చెప్పాలనిపించింది. నా మార్కులు కూడా అందులో ఉన్నాయని అన్నాను.

"మీవి ఉండవండీ," అంది డొరీన్.

"అదేంటి?"

"అరవై అయిదు దాటి ఫీజు లేకుండా చదివేవాళ్ళని ఏ సంఘం సగటులోనూ కలపం. మొదటి నుంచీ అంతే. సెప్టెంబరులో మీ ఇంటి నుంచి ఇద్దరు అడగడానికి వచ్చారు, అప్పుడే చెప్పాను. ఒకబ్బాయి టై కట్టుకున్నాడు. ఇంకొకడు టోపీ వెనక్కి పెట్టుకున్నాడు." నా మొహం చూసి, "మీకు చెప్పలేదా?" అంది.

లోకువగా చూశారని కోపం వచ్చింది. కోపం కాదేమో. ఏదో వచ్చింది. నేరుగా ఇంటికి వెళ్ళాను.

ప్రెస్టన్ గుమ్మం ముందు మంచు ఎత్తిపోస్తున్నాడు. కోటు లోపల టై.

"నా మార్కులు లెక్కలో లేవట," అన్నాను.

వాడు పార ఆపలేదు. "డొరీన్ చెప్పిందా?"

"నీకు తెలుసా?"

"సెప్టెంబరు నుంచి."

"మరి నన్నెందుకు ఉంచుకున్నారు?"

"నీకు పికప్ ఉంది కదా."

నేను కదల్లేదు. వాడు పార మంచులో గుచ్చి నిలబెట్టాడు.

"చూడు తమ్ముడూ. ఆఫీసులో ఆ మాట విని డాసన్ ముందే వచ్చేశాడు, నీకు చెప్పేద్దామనే నేను వెనక ఇంటికి వచ్చాను ఆ రోజు. వచ్చేసరికి నువ్వు కాలిన అగ్గిపుల్ల పట్టుకుని నిలబడి ఉన్నావు. నాకోసం ఇంకోసారి చేశావు. ఎవడికి నోరొస్తుంది చెప్పు?"

"అక్టోబరులో బోర్డు మీద సగటు తక్కువ చూపించావు."

"నీ చీటీ కలిపి వేశాను. అది తీసేస్తే దాటుతుందని నాకు తెలియదా? ఆ మాట చెబితే ఆ పూటే పుస్తకాలు మూసేసేవాళ్ళు వెధవలు."

"అది నా చీటీ అని నీకెలా తెలుసు?"

ప్రెస్టన్ నా వంక జాలిగా చూశాడు. "ఈ ఇంట్లో అక్షరాలు గొలుసుకట్టుగా కలిపి రాయడం వచ్చినవాడు నువ్వొక్కడివే."

"మిమ్మల్ని ముంచేస్తున్నానని నాకు రెండు నెలలు నిద్ర లేదు," అన్నాను. నేను అంత పెద్ద మాట అనడం అదే మొదటిసారి.

"మాకూ లేదు. నువ్వు పుస్తకం మూస్తే కదా!"

లోపలి నుంచి డాసన్ కిటికీ ఎత్తి అరిచాడు. "అంతా చెప్పేశావా? పార్కింగ్ సంగతి కూడా చెప్పు మరి!"

పార్కింగ్ సంగతి ఏంటంటే, ఇంటి పక్క స్థలాన్ని కాలేజీ వాళ్ళు వేడినీళ్ళ గొట్టాల కోసం తవ్వేస్తున్నారు. రేపటి నుంచే. మళ్ళీ ఇస్తారో లేదో తెలియదు.

"నువ్వు చేరిందే అందుకు కదా తమ్ముడూ," అన్నాడు డాసన్. టోపీ సర్దుకున్నాడు. "మరి ఉంటావా?"

ఇద్దరూ చూస్తున్నారు. నేను పార అందుకుని మెట్ల మీది మంచు తీశాను. అది సగంలో వదిలేసి ఉంది.

మధ్యాహ్నం మళ్ళీ ఆఫీసుకు వెళ్ళాను. నాలుగు క్లాసులు రాయమన్నాను. కెమిస్ట్రీ రెండో భాగం ఉండాలన్నాను.

"నాలుగా? మీకు అవసరం లేదు కదండీ," అంది డొరీన్.

రాయమన్నాను.

డిసెంబరు 19, శుక్రవారం

సెలవులకు ముందు ఆఖరి భోజనం. ఇంటి పక్కనంతా తవ్వి పోశారు. పికప్ ధాన్యం గిడ్డంగుల దగ్గర పెట్టి, మంచులో నడిచి వెళ్ళాను.

మక్రోనీ. మాడింది.

అంత దూరమేం కాదు.